కాపురం ఆగినా వివాహం మిగిలే చోటు: న్యాయిక వేర్పాటుకూ విడాకులకూ ఉన్న సంబంధం

హిందూ వివాహ చట్టం, 1955లోని పదో సెక్షన్ కింద కోర్టు ఇచ్చే న్యాయిక వేర్పాటు డిక్రీని విడాకులకు ముందుమెట్టుగా చెప్పి ముగించడం మన దగ్గర అలవాటు. చరిత్ర రీత్యా అది కొంతవరకు నిజమే. 1976 తరవాత మాత్రం ఆ వివరణ చాలదు. ఈ డిక్రీ భార్యాభర్తలను కలిసి కాపురం చేయాల్సిన బాధ్యత నుంచి తప్పిస్తుంది, వివాహాన్ని తెంచదు. అలా మిగిలిన వివాహం నుంచి కొన్ని హక్కులు, కొన్ని ప్రమాదాలు పుడతాయి. ఈ ప్రమాదాల భారం, రక్షణ కోరి కోర్టుకు వచ్చిన భార్య మీదే ఎక్కువగా పడే వీలుందని, దానికి కారణం చట్టం అల్లికలోనే ఉందని ఈ వ్యాసం వాదన.

ఈ భావన పుట్టుక ఇంగ్లండ్ చర్చి కోర్టుల్లో ఉంది. వివాహాన్ని రద్దు చేయలేని ఆ కోర్టులు, దంపతులు వేరుగా బతకడానికి మాత్రం అనుమతిచ్చేవి. 1857 నాటి ఇంగ్లిష్ చట్టం ఆ అధికారాన్ని సివిల్ కోర్టుకు అప్పగించింది. 1869 నాటి విడాకుల చట్టంతో అది భారతదేశ క్రైస్తవులకు వర్తించింది. హిందువుల విషయంలో దారి వేరు. అనేక కులాల్లో పెద్దమనుషుల ముందు తెగతెంపులు చేసుకునే ఆచారం ముందునుంచీ ఉంది. 1955 చట్టం 29వ సెక్షన్ దాన్ని అలాగే ఉండనిచ్చింది. ఆ ఆచారం లేని కుటుంబాల్లోని స్త్రీకి 1946లో కేంద్ర చట్టం విడిగా ఉండే హక్కును, మనోవర్తి హక్కును ఇచ్చింది. కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడున్న మద్రాసు రాష్ట్రంలో 1949లో బహుభార్యాత్వ నిషేధ, విడాకుల చట్టం వచ్చింది. అంటే తెలుగు నేలలో కొంత భాగానికి విడాకుల చట్టం 1955కు ముందే తెలుసు.

అలాంటప్పుడు 1955 పార్లమెంటు చేసిన ఏర్పాటు ఆశ్చర్యం కలిగిస్తుంది. క్రూరత్వం, రెండేళ్ల పరిత్యాగం న్యాయిక వేర్పాటుకు మాత్రమే కారణాలుగా ఉండేవి, విడాకులకు కాదు. హింసించే భర్త నుంచి విముక్తి కావాలంటే భార్య ముందు వేర్పాటు డిక్రీ తెచ్చుకోవాలి, ఆపైన రెండేళ్లు కాపురం మళ్లీ మొదలు కాకుండా గడవాలి, అప్పుడు మరో పిటిషన్ వేయాలి. హింసకు గురైన మనిషికే రెండు వ్యాజ్యాల శ్రమ పెట్టిన ఆ ఏర్పాటును సంస్కరణ అనడానికి నాకు మనసొప్పదు. ఒక్క మేలు మాత్రం ఉండేది: ఆ రెండేళ్ల తరవాత విడాకులు అడిగే హక్కు డిక్రీ పొందిన వారికే ఉండేది.

1964 సవరణ ఆ హక్కును ఇద్దరికీ పంచింది. కొత్తగా చేర్చిన 13(1ఎ) ప్రకారం, డిక్రీ ఎవరికి వ్యతిరేకంగా వచ్చిందో వారూ విడాకులు కోరవచ్చు. 1976 సవరణ గడువును రెండేళ్ల నుంచి ఏడాదికి తగ్గించింది, క్రూరత్వాన్నీ పరిత్యాగాన్నీ నేరుగా విడాకుల కారణాలు చేసింది, వేర్పాటుకూ విడాకులకూ ఒకే కారణాల జాబితా పెట్టింది, పరస్పర అంగీకార విడాకులకు 13బి తెచ్చింది.

కారణాలు ఒకటే అయ్యాక వేర్పాటు ఎందుకు మిగిలింది? పెళ్లైన ఏడాదిలోపు విడాకుల పిటిషన్‌ను 14వ సెక్షన్ సాధారణంగా అనుమతించదు, వేర్పాటుకు ఆ అడ్డు లేదు. విడాకులు అడిగినా, కొన్ని కారణాల విషయంలో తప్ప, జడ్జి వేర్పాటుతో సరిపెట్టే వీలు 13ఎ ఇస్తుంది. వీటికి తోడు మతవిశ్వాసం వల్లనో, పిల్లల పెళ్లిళ్ల వల్లనో, ‘విడాకులు తీసుకున్న మనిషి’ అన్న మాట పడలేకనో తెంచుకోవడానికి ఇష్టపడని వాళ్లున్నారు. ఇక్కడ ఒక అపోహను పక్కన పెట్టాలి. ఎన్నేళ్లు విడిగా ఉన్నా విడాకులు వాటంతట అవి రావు. డిక్రీ లేని ఎడబాటు 13బి కింద ఏడాది లెక్కకు పనికొస్తుంది, అంతే. డిక్రీ ఉన్నా మరో పెళ్లి చేసుకుంటే అది ద్వివివాహ నేరమే.

అసలు చిక్కు 13(1ఎ)లో ఉంది. భర్త క్రూరత్వాన్ని రుజువు చేసి భార్య డిక్రీ పొందిందనుకుందాం. విడాకులు వద్దనుకునే ఆమె పదో సెక్షన్‌ను ఎంచుకుంది. డిక్రీ వచ్చిన రోజు నుంచి ఏడాది లెక్క మొదలవుతుంది, ఆ లెక్క భర్తకూ పనికొస్తుంది. తను తెచ్చుకున్న రక్షణే అతని విడాకులకు ఆధారమవుతుంది. ఇదే ఉపసెక్షన్‌లోని రెండో దారి, అంటే దాంపత్య హక్కుల పునరుద్ధరణ డిక్రీ, ఇంకా విచిత్రంగా పనిచేసింది. ఆ డిక్రీకి ఆధారమైన తొమ్మిదో సెక్షన్‌ను 1983లో టి. సరిత కేసులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు జడ్జి జస్టిస్ పి.ఎ. చౌదరి రాజ్యాంగ విరుద్ధమని కొట్టేశారు. మరుసటి ఏడాదే సుప్రీంకోర్టు సరోజ్ రాణి కేసులో ఆ సెక్షన్‌ను నిలబెట్టింది. ఆ కేసులో కాపురానికి తీసుకెళ్లమని కోర్టుకు వెళ్లింది భార్య. భర్త సరేనన్నాడు, డిక్రీ వచ్చింది, ఏడాది గడిచింది. చివరికి అదే డిక్రీ మీద విడాకులు దక్కింది భర్తకు.

దీనికి అడ్డుకట్టగా చట్టంలో ఉన్నది 23(1)(ఎ) ఒక్కటే: తన తప్పు నుంచి తానే లాభం పొందకూడదన్న నియమం. అది ఎంత దూరం వర్తిస్తుంది? 1977లో ధర్మేంద్ర కుమార్ కేసులో సుప్రీంకోర్టు, తిరిగి కలవడానికి ఇష్టం చూపకపోవడం ఒక్కటే ‘తప్పు’ కాదంది. 2001లో హీరాచంద్ కేసు కర్ణాటక నుంచి వచ్చింది. భర్త వివాహేతర సంబంధం కారణంగా భార్య వేర్పాటు పొందింది. కోర్టు విధించిన మనోవర్తిని భర్త ఇవ్వలేదు, ఆ సంబంధాన్నీ మానలేదు. ఏడాది దాటిందని విడాకులు కోరాడు. సుప్రీంకోర్టు నిరాకరించింది. డిక్రీ వచ్చినంత మాత్రాన వివాహ బాధ్యతలు రద్దు కావని, వాటిని ఉల్లంఘిస్తూనే లాభం అడగడం తప్పేనని చెప్పింది. ఈ విషయంలో మనకున్న తీర్పుల్లో ఇదే అత్యంత విలువైనదని నా అభిప్రాయం. కానీ దాని బలం ఆ కేసు వాస్తవాల్లో ఉంది. మనోవర్తి సక్రమంగా చెల్లిస్తూ ఏడాది గడిపిన భర్త ముందు ఇది నిలుస్తుందా అంటే, చట్టం మాటల్లో ఆ భరోసా లేదు.

వివాహం మిగిలి ఉండటం వల్ల కలిగే మేలు తక్కువది కాదు. 2015లో త్రిపుర నుంచి వచ్చిన కృష్ణా భట్టాచార్జీ కేసులో కింది కోర్టులు, వేర్పాటు డిక్రీ ఉంది కాబట్టి గృహహింస చట్టం వర్తించదన్నాయి. సుప్రీంకోర్టు దాన్ని సరిదిద్ది, వేర్పాటు పొందినా ఆమె భార్యేనని, స్త్రీధనం ఆమెకు దక్కాల్సిందేనని చెప్పింది. కేంద్ర పింఛను నియమాల్లో, వ్యభిచారం కారణంగా ఇచ్చినది కాకపోతే, వేర్పాటు పొందిన భార్య లేదా భర్త కుటుంబ సభ్యులే. విడిగా ఉంటున్న భార్యతో ఆమె ఇష్టం లేకుండా భర్త లైంగిక సంబంధం పెట్టుకుంటే భారతీయ న్యాయ సంహిత 67వ సెక్షన్ రెండు నుంచి ఏడేళ్ల శిక్ష విధిస్తుంది. డిక్రీ లేకపోయినా ఈ సెక్షన్ వర్తిస్తుంది, కానీ విడిగా ఉంటున్నామని చూపడానికి డిక్రీ గట్టి సాక్ష్యం.

అదే వివాహం వారసత్వం దగ్గర ఎదురు తిరుగుతుంది. భర్త వీలునామా లేకుండా చనిపోతే వేర్పాటు పొందిన భార్యకు వాటా వస్తుంది, న్యాయమే. మరి ఆమె చనిపోతే? హిందూ వారసత్వ చట్టం 15వ సెక్షన్ ప్రకారం ఆమె స్వార్జిత ఆస్తికి తొలి వారసులు పిల్లలు, భర్త. పిల్లలు లేకుంటే, ఎవరి క్రూరత్వం మీద ఆమె డిక్రీ తెచ్చుకుందో అతనికే ఆస్తి మొత్తం పోతుంది. ఆమె తల్లిదండ్రుల వంతు ఆ తరవాతే. 1869 చట్టం 24వ సెక్షన్ దీనికి పూర్తి భిన్నం. వేర్పాటు పొందిన క్రైస్తవ స్త్రీ ఆ తరవాత సంపాదించుకున్న ఆస్తి విషయంలో అవివాహితతో సమానం. ఆమె వీలునామా లేకుండా మరణిస్తే ఆ ఆస్తి, భర్త అప్పటికే చనిపోయినట్టుగా వారసులకు చేరుతుంది. స్వతంత్ర భారతం హిందూ స్త్రీకి ఇవ్వని ఈ రక్షణ, వలస పాలన నాటి చట్టం గుంటూరులోని క్రైస్తవ స్త్రీకి ఇచ్చింది. ఇది సరిదిద్దాల్సిన లోపం. ఈలోగా వేర్పాటు పిటిషన్ వేసే స్త్రీకి న్యాయవాది ఇవ్వాల్సిన తొలి సలహా వీలునామా రాయించడం.

విడాకుల విషయంలో దారి చూపే ప్రతిపాదన ఒకటి ఉంది. కోలుకోలేనంతగా దెబ్బతిన్న వివాహాన్ని రద్దు చేసే వీలు కల్పించే 2010 నాటి బిల్లు, తీవ్ర ఆర్థిక ఇబ్బంది కలుగుతుందన్న కారణంతో భార్య విడాకులను వ్యతిరేకించే హక్కును కూడా ప్రతిపాదించింది. 2013లో రాజ్యసభ ఆమోదించినా అది చట్టం కాలేదు. బిల్లు సంగతి ఎలా ఉన్నా, ఆ హక్కును 13(1ఎ)లో చేర్చడానికి అడ్డేమీ లేదు. తనకు వ్యతిరేకంగా డిక్రీ వచ్చిన వ్యక్తి విడాకులు అడిగితే, మనోవర్తి బకాయిలు లేవని, స్త్రీధనం తిరిగి ఇచ్చానని, పిల్లల పోషణకు ఏర్పాటు చేశానని పిటిషన్‌తో పాటే రుజువు చూపాలి. అది లేని పిటిషన్‌ను ఫ్యామిలీ కోర్టు నంబరు వేయకుండానే తిప్పి పంపాలి.