మైనపు ధారలా పెరిగే ఎముక: మెలోరియోస్టోసిస్ పుట్టుపూర్వోత్తరాలు

ఎముక పైపొర మితిమీరి దట్టమై, చేతి పొడవునా గాని కాలి పొడవునా గాని ఒక పక్కగా చారకట్టినట్టు పెరిగే మెలోరియోస్టోసిస్ అనే వ్యాధి సుమారు పది లక్షల మందిలో ఒకరికి వస్తుంది. పారిస్ వైద్యులు ఆండ్రే లెరీ, జోన్నీ 1922లో దీనిని తొలిసారిగా వర్ణించారు. పైకి కనిపించేవి నొప్పి, వాపు, కీళ్ల బిగువు మాత్రమే కాబట్టి, 1895లో రంట్‌జన్ కనుగొన్న ఎక్స్-కిరణాలు లేకుంటే దీనిని వేరే వ్యాధిగా గుర్తించడం దాదాపు అసాధ్యమయ్యేది. ఎక్స్-రే చిత్రంలో మాత్రం కరిగిన మైనం కొవ్వొత్తి పక్కన జారి గడ్డకట్టినట్టు తెల్లని ధార కనిపిస్తుంది.

ఈ పెరుగుదల మణికట్టుకు చేరినప్పుడు బాధ ఎముకతో ఆగదు. అక్కడి చిన్న ఎముకలకూ వాటిపై అడ్డంగా ఉండే గట్టి సంధి బంధనానికీ నడుమనున్న ఇరుకు మార్గంలో, అంటే కార్పల్ టన్నెల్‌లో, వేళ్లను ముడిచే తొమ్మిది స్నాయువులతో పాటు మీడియన్ నాడి కూడా సాగుతుంది. అదనపు ఎముకో, చుట్టుపక్కల మెత్తని కణజాలంలో పేరుకున్న ఎముక వంటి పదార్థమో ఆ మార్గాన్ని ఆక్రమిస్తే నాడి నలిగి, బొటనవేలి నుంచి ఉంగరపు వేలి సగం దాకా తిమ్మిరి ఎక్కి, క్రమంగా బొటనవేలి మొదట ఉన్న కండరం క్షీణిస్తుంది. శస్త్రచికిత్సతో బంధనాన్ని కోసి, అడ్డొచ్చిన ఎముకను తీసి నాడికి చోటు కల్పించినా, ఎముక మళ్లీ పెరగవచ్చు.

శరీరమంతటా కాక ఒక్క చేతిలోనో కాలిలోనో ఇది ఎందుకు వస్తుందన్న ప్రశ్నకు సమాధానం చాలాకాలం దొరకలేదు. వెన్నుపాము నుంచి వచ్చే ఒక్కొక్క నాడీ మూలం పరిధిలోని ఎముక భాగాలనే వ్యాధి అనుసరిస్తున్నదని 1979లో మర్రే, మెక్‌క్రీడీ సూచించారు. ఎముకల్లో చుక్కల్లాంటి మచ్చలు వచ్చే ఆస్టియోపొయికిలోసిస్ కుటుంబాల్లో 2004లో బయటపడిన ఎల్ఈఎండీ3 జన్యులోపం కారణమనుకున్నా, వంశపారంపర్యం కాని రోగుల్లో అది నిలవలేదు. చివరకు అమెరికా నేషనల్ ఇన్‌స్టిట్యూట్స్ ఆఫ్ హెల్త్ పరిశోధకులు 15 మంది రోగుల నుంచి జబ్బుపడిన ఎముకనూ, అదే మనిషిలోని ఆరోగ్యకరమైన ఎముకనూ సేకరించి పోల్చగా, ఎనిమిది మందిలో ఎంఏపీ2కే1 జన్యువులో ఉత్పరివర్తన, అదీ జబ్బుపడిన ఎముకలోనే, ఉన్నట్టు 2018లో తేలింది. తల్లిదండ్రుల నుంచి రాకుండా, గర్భధారణ తర్వాత ఏదో ఒక కణంలో పుట్టిన మార్పు ఆ కణం సంతతికే పరిమితమవుతుంది కనుక, వ్యాధి ఒక పక్కకే ఎందుకు కట్టుబడుతుందో దీనితో బోధపడింది. మిగిలిన వారిలో కొందరికి కారణం ఎస్‌మ్యాడ్3 అనే మరో జన్యువులోని మార్పు అని 2020లో తెలిసింది. బాగున్న ఎముకను సైతం పరీక్షకు ఇచ్చిన ఆ రోగుల ఔదార్యమే ఈ ఆవిష్కరణకు ఆధారం.

చేతి తిమ్మిరితో పాటు అక్కడ గట్టి ఉబ్బు తగిలితే, దానిని మామూలు నాడీ ఒత్తిడిగా సరిపెట్టుకోకుండా ఒక ఎక్స్-రే తీయించుకోవడం మేలు.