కొండ దిగకుండానే టీబీ టెస్టు.. బ్యాటరీతో నడిచే మెషీన్ ఎలా పనిచేస్తుందంటే?

కొండల మధ్య గిరిజన గూడెం.. సరైన రోడ్డు ఉండదు. జబ్బు చేస్తే డోలీ కట్టి మోసుకురావాల్సిందే. అలాంటి చోట దగ్గుతో బాధపడే మనిషి టీబీ టెస్టు కోసం ఆస్పత్రికి వస్తే ఆ రోజు కూలీ పోయినట్టే. రిజల్ట్ కోసం మళ్లీ రమ్మంటే ఇంకో రోజు కూలీ కూడా పోతుంది. దీంతో మధ్యలోనే వదిలేసేవాళ్లు ఉంటారు. అందుకే మనిషిని ల్యాబ్‌కి రప్పించడం కాదు, ల్యాబ్‌నే మనిషి దగ్గరకు తీసుకెళ్లాలన్న ఆలోచనతో కొన్ని టెక్నాలజీలు వచ్చాయి.

ఆలస్యమైతే ఏమవుతుంది?

టీబీ గాలి ద్వారా వ్యాపిస్తుంది. వైద్యం అందని ఒక రోగి నుంచి ఏడాదిలో 10 నుంచి 15 మందికి సోకే ప్రమాదం ఉందన్నది ఆరోగ్య సంస్థల అంచనా. ప్రపంచంలోని టీబీ కేసుల్లో దాదాపు నాలుగో వంతు మన దేశంలోనే ఉన్నాయి. మామూలు టీబీ ఆరు నెలలు మందులు వాడితే నయమవుతుంది. కానీ జబ్బు ఉందని తెలిస్తేనే కదా మందులు మొదలయ్యేది!

పాత టెస్టులతో చిక్కేంటి?

ఏళ్లుగా వాడుతున్నది మైక్రోస్కోప్ టెస్టు. ఖర్చు తక్కువే. కానీ ఒక మిల్లీలీటర్ కళ్లెలో వేల సంఖ్యలో బ్యాక్టీరియా ఉంటేనే కంటికి దొరుకుతాయి. దీంతో కొన్ని కేసులు తప్పిపోతాయి. మందులకు లొంగని టీబీనా కాదా అన్నదీ ఇందులో తెలియదు. 2010లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసిన జీన్‌ఎక్స్‌పర్ట్ ఈ లోటు తీర్చింది. అయితే దానికి నిలకడైన కరెంటు, చల్లటి గది కావాలి. పల్లె ఆస్పత్రుల్లో ఆ రెండూ కష్టమే.

ట్రూనాట్ ఏం చేస్తుంది?

గోవాకు చెందిన మోల్‌బయో సంస్థ తయారుచేసిన టెస్టు ఇది. 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదం దక్కింది. ఇందులో రెండు చిన్న మెషీన్లు ఉంటాయి. ఒకటి కళ్లె నుంచి డీఎన్‌ఏను వేరు చేస్తుంది. రెండోది చిన్న చిప్‌పై టీబీ బ్యాక్టీరియా జన్యువులు ఉన్నాయో లేదో చూస్తుంది. రెండూ బ్యాటరీతో నడుస్తాయి. ఏసీ గది అవసరం లేదు. దాదాపు గంటలో రిజల్ట్ వస్తుంది. పాజిటివ్ అయితే మరో గంటలో రిఫాంపిసిన్ అనే ముఖ్యమైన మందు పనిచేస్తుందో లేదో కూడా చెప్పేస్తుంది. అంటే వచ్చిన రోజే మందులు మొదలుపెట్టే వీలుంటుంది.

దగ్గు లేకపోయినా టీబీ?

ఉండొచ్చు. 2019-21లో జరిగిన జాతీయ టీబీ సర్వేలో ఛాతీ ఎక్స్‌రే తీయకపోయి ఉంటే 42.6 శాతం కేసులు దొరికేవే కావని తేలింది. అందుకే ఇప్పుడు చేతిలో పట్టుకుని తీసే ఎక్స్‌రే మెషీన్లను ఊళ్లకు తీసుకెళ్తున్నారు. కొన్ని మోడళ్ల బరువు నాలుగు కిలోల లోపే. తీసిన ఫొటోను ఏఐ సాఫ్ట్‌వేర్ అప్పటికప్పుడే చూసి అనుమానం ఉన్నవాళ్లను గుర్తిస్తుంది. 15 ఏళ్లు దాటినవారి విషయంలో ఈ పద్ధతిని 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసింది. అయితే ఎక్స్‌రే చెప్పేది అనుమానం మాత్రమే. ఖాయం చేయాల్సింది కళ్లె టెస్టే. 2024 డిసెంబర్ 7న కేంద్రం 347 జిల్లాల్లో మొదలుపెట్టిన వంద రోజుల టీబీ కార్యక్రమంలోనూ ఈ టెక్నాలజీలను వాడారు.

మెషీన్ వెళ్లలేని చోట?

శాంపిల్‌నే పంపాలి. ఇక్కడే డ్రోన్లు పనికొస్తాయి. మందులు, వ్యాక్సిన్లను డ్రోన్లతో పంపే 'మెడిసిన్ ఫ్రమ్ ది స్కై' ప్రయోగం 2021 సెప్టెంబర్‌లో తెలంగాణలోని వికారాబాద్‌లోనే మొదలైంది. మందులు మోసే డ్రోన్ తిరుగు ప్రయాణంలో శాంపిళ్లనూ మోయగలదు.

మెషీన్ ఒక్కటే చాలదు

మెషీన్ ఉన్నా చిప్‌లు అయిపోతే టెస్టు ఆగిపోతుంది. శిక్షణ పొందిన టెక్నీషియన్ లేకపోయినా అంతే. అన్నిటికంటే ముఖ్యం.. రిజల్ట్ వచ్చాక ఆరు నెలల పాటు ఆ ఇంటికి మందులు చేరడం. ఆ పని చేయాల్సింది ఆశా కార్యకర్త, ఏఎన్ఎం లాంటి మనుషులే. టెస్టు ఊరికి వచ్చి, మందులు రాకపోతే ఫలితం ఉండదు.

ఎవరు టెస్టు చేయించుకోవాలి?

రెండు వారాలు దాటిన దగ్గు, సాయంత్రం పూట జ్వరం, బరువు తగ్గడం, రాత్రిళ్లు చెమటలు, కళ్లెలో రక్తం.. వీటిలో ఏది ఉన్నా ఆలస్యం చేయొద్దు. ఇంట్లో ఒకరికి టీబీ ఉంటే మిగతావారూ చూపించుకోవాలి. ప్రభుత్వ ఆస్పత్రుల్లో టెస్టులు, మందులు ఉచితం. చికిత్స సాగినంత కాలం పోషకాహారం కోసం నిక్షయ్ పోషణ్ యోజన కింద నెలకు ఇచ్చే సాయాన్ని 2024 నవంబర్ నుంచి రూ.500 నుంచి రూ.1,000కి పెంచారు. వివరాలకు నిక్షయ్ టోల్‌ఫ్రీ నంబర్ 1800-11-6666కు ఫోన్ చేయొచ్చు.