పాడు, పాటి, ముంపు

వీధిలో పాడుపడి నిలిచిన భవనాన్ని డచ్చివారు ‘రొట్ట కీస్’ అంటారు. అంటే పుచ్చిన దవడపన్ను. ఇళ్ల వరుసను పలువరుసగా చూసే ఈ మాటను ఇంగ్లీషులో యథాతథంగా పెడితే అర్థమవుతుంది గానీ అక్కడి వాడుకకు అంతగా నప్పదు. ఆ భాషలో ఒక్క భవనానికైతే కంటిపుండు వంటి అర్థమిచ్చే ‘ఐసోర్’, పేట మొత్తానికైతే ‘బ్లైట్’ సహజంగా పలుకుతాయి. బ్లైట్ అసలు పైరుకు తగిలే తెగులు పేరు. పుచ్చిన పన్నును ఒక్కదాన్నే పెరికివేయవచ్చు, తెగులు మాత్రం పక్క మొక్కకు పాకుతుంది కనుక మడి మొత్తం తీసివేయాలనే తర్కం ఆ మాటలోనే ఇమిడి ఉంది. 1954లో బెర్మన్, పార్కర్ల వ్యాజ్యంలో అమెరికా సుప్రీంకోర్టు, వాషింగ్టన్‌లోని ఒక పేటను తొలగించే పథకంలో బాగున్న దుకాణాన్ని కూడా కలిపి స్వాధీనం చేసుకోవచ్చని తీర్పు చెప్పింది. పోలికలు ఇళ్లను కూల్చగలవనడానికి ఇంతకంటే స్పష్టమైన సాక్ష్యం దొరకదు.

డచ్చివారు తెలుగువారికి కొత్త కాదు. 1605లోనే బందరు చేరిన ఆ వర్తకులను వలందులన్నారు, ఆ ఊరి వలందపాలెం పేరులో ఆ మాట నేటికీ ఉంది. అయితే శిథిలమైన ఊరిని తెలుగు భాష రోగంగా చూడలేదు. ఉదాహరణకు, భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోని దమ్మపేట ఆయిల్‌పామ్ తోటల మండలం. అక్కడ తెగులు తోటకు వస్తుంది, ఊరు మాత్రం పాడుపడుతుంది. ‘నాడు’ విభక్తి ముందు ‘నాటి’ అయినట్టే, శూన్యమైన చోటును తెలిపే ‘పాడు’ కూడా ‘పాటి’ అవుతుంది. పాత ఊరి దిబ్బకు పాటిదిబ్బ, పాటిగడ్డ అనే పేర్లు ఇలా ఏర్పడ్డవే. ఖమ్మం వైపు నేలకొండపల్లిలో విరాటరాజు పేరుతో పిలిచే దిబ్బ వంటివి ఎంత పాత బతుకును కప్పి ఉంచాయో తవ్వకాలు చూపాయి.

ఈ దిబ్బల మట్టి పాటిమన్ను. తరతరాల బూడిద, పేడ, ఎముకలు, పెంకులు కలిసిన ఆ మన్నును రైతులు బండ్లకెత్తి పొలాలకు తోలారు. దానివల్ల పురావస్తు సాక్ష్యం ఎంతో చెదిరింది, అది పూడ్చలేని నష్టమే. అయినా చచ్చిన ఊరు పైరుకు బలమవుతుందన్న ఎరుక ఆ మాటలో ఉంది. పన్నుకూ తెగులుకూ లేని ఈ మలి బతుకును ఇంగ్లీషులోకి తేవాలంటే ఒక్క పదం చాలదు, వాక్యమే కావాలి.

దమ్మపేటకు దాపుననే అశ్వారావుపేట అవతల వేలేరుపాడు ఉంది. ఊరిపేరు చివరి ఈ ‘పాడు’ శిథిలం కాదు, నివాసం. రూపం మాత్రం ఒకటే. పోలవరం జలాశయం కోసం 2014లో కుకునూరుతో పాటు ఆంధ్రప్రదేశ్‌లో కలిసిన ఆ మండలంలో ఇప్పుడు వాడుకలో ఉన్న మాట ముంపు. పాడు కాలం చేసేది, ముంపు మనుషులు నిర్ణయించి చేసేది. కోయల గూడేలు ఖాళీ అయిన చోట రేపు దిబ్బ లేవదు, ఏ రైతూ అక్కడి మన్నును బండికెత్తలేడు.