సర్వపిండి

బియ్యప్పిండితో గిన్నెలోనే కాల్చుకునే కారపు రొట్టె సర్వపిండి. మడికొండ, కాజీపేట, హనుమకొండ మొదలుకొని కరీంనగర్ వైపు ఊళ్లదాకా ఇది ఇంటింటి వంట. తపాలచెక్క, గిన్నప్ప అన్నా ఇదే.

పేరు వినగానే ‘సర్వ’ అంటే ‘అన్నీ’ అనుకునేవాళ్లున్నారు. నానబెట్టిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు, ఉల్లాకు, కరివేపాకు అన్నీ పడతాయి కనుక ఆ అర్థం ఇంపుగానే అతుకుతుంది. కానీ ఇక్కడ సర్వ అంటే పాత్ర, లోతైన గుండ్రటి లోహపు గిన్నె. ఇత్తడి సర్వ అనే మాట పెద్దల నోట ఇప్పటికీ వినిపిస్తుంది. సర్వలో కాల్చిన పిండి కనుక సర్వపిండి. దీనికి గట్టి సాక్ష్యం మిగతా రెండు పేర్లే. తపేలాలో కాల్చిన చెక్క తపాలచెక్క. గిన్నెలో కాల్చిన అప్ప గిన్నప్ప. మూడింట్లోనూ ముందు పాత్ర, వెనక తిండి. పైగా సంస్కృత ‘సర్వ’ను తెలుగు ‘పిండి’తో నేరుగా కలిపితే వ్యాకరణం దాన్ని వైరి సమాసం అంటుంది.

చేసే తీరు కూడా పేరునే బలపరుస్తుంది. తడిపిన పిండిని నూనె రాసిన సర్వ అడుగునా, లోపలి గోడలకూ పల్చగా ఒత్తుతారు. వేలితో బొక్కలు పెట్టి, వాటిలో చుక్క చుక్క నూనె వేసి, మూతపెట్టి సన్నని సెగ మీద ఉంచుతారు. రొట్టెకు గిన్నె వంపే వస్తుంది. వేడి సర్వలో మళ్లీ పిండి ఒత్తితే చేయి కాలుతుంది. అందుకే బయట నీళ్లు పోసి చల్లార్చడమో, రెండో సర్వ సిద్ధంగా ఉంచుకోవడమో ఆనవాయితీ.

జర్మన్‌లో ‘నాప్ఫ్‌కూఖెన్’ పేరులోనూ ఇలాగే ముందు పాత్ర, వెనక తిండి: నాప్ఫ్ అంటే గిన్నె, కూఖెన్ అంటే కేకు. అపోహకూ అక్కడ జోడు ఉంది. తేనె, మసాలా దినుసులతో చేసే ‘లేబ్‌కూఖెన్’లో మొదటి ముక్క వినగానే జీవితమనే అర్థమున్న ‘లేబెన్’ తోస్తుంది. భాషావేత్తలు మాత్రం రొట్టె ముద్ద అనే ‘లైబ్’ వైపో, లాటిన్‌లో ఒక రకం రొట్టెకు పేరైన ‘లిబుమ్’ వైపో చూస్తారు.

ఇప్పుడు చాలా ఇళ్లలో దీన్ని నాన్‌స్టిక్ పెనం మీద బల్లపరుపుగా ఒత్తుతున్నారు. ఆ వంపు లేదు, సర్వ అడుగున వచ్చే ఎర్రటి కరకర కూడా అంతగా రాదు. అయినా దాన్నీ సర్వపిండి అనే పిలుస్తున్నారు.