దేవుడు అక్కర్లేని దీవెన

తుమ్మినవాళ్ళతో ఏమనాలి? దేవుణ్ణి నమ్మనివాళ్ళు ఏమనాలి? ఈ సందేహం ఈనాటిది కాదు. దీనిమీద బుద్ధుడే రెండు తీర్పులు ఇచ్చాడు.

శ్రావస్తిలో జేతవనం ఎదుట ప్రసేనజిత్తు కట్టించిన విహారంలో బుద్ధుడు ధర్మం చెబుతూ మధ్యలో తుమ్మాడు. ఎదురుగా కూర్చున్న భిక్షువులంతా ఆయన చిరకాలం జీవించాలంటూ ఒక్కసారిగా కేకలు పెట్టారు. ఆ హడావుడికి ప్రసంగం ఆగిపోయింది. అలా అన్నంతమాత్రాన మనిషి ఆయుష్షు పెరుగుతుందా, అనకపోతే పోతాడా అని బుద్ధుడు వాళ్ళను అడిగాడు. లేదని ఒప్పుకున్నారు. అయితే ఇకమీదట ఎవరు తుమ్మినా అలా అనవద్దని ఆయన నియమం పెట్టాడు. పాలి వినయపిటకంలోని చుల్లవగ్గలో ఉన్న కథ ఇది.

అక్కడితో అయిపోలేదు. ఊళ్ళో భిక్షువులు తుమ్మినప్పుడు గృహస్థులు ‘చల్లగా బతకండి స్వామీ’ అనేవాళ్ళు. నియమానికి కట్టుబడి భిక్షువులు బదులు పలికేవాళ్ళు కాదు. మంచిమాట అంటే తిరిగి ఒక్క మాటైనా అనరేం, ఇదేం తీరు అని జనం నొచ్చుకున్నారు. సంగతి బుద్ధుడి దాకా వెళ్ళింది. సంసారులకు శుభాశుభాల పట్టింపు ఉంటుంది, వాళ్ళు దీవిస్తే మీరూ చిరకాలం జీవించమని బదులు చెప్పండి అని ఆయన నియమాన్ని సడలించాడు. మొదటి తీర్పులో నమ్మకాన్ని కొట్టేశాడు, రెండో తీర్పులో మర్యాదను నిలబెట్టాడు.

జాతక కథల్లో ఇదే సందర్భానికి అల్లిన గగ్గ జాతకం మరీ సరదాగా ఉంటుంది. కాశీ పొలిమేరలోని ఒక సత్రంలో యక్షుడు కాపురముండేవాడు. తుమ్మినవాణ్ణి ‘జీవించు’ అని దీవించినవాళ్ళను, తిరిగి ‘నువ్వూ జీవించు’ అన్నవాళ్ళను వదిలేసి, మిగతావాళ్ళను తినొచ్చని అతడికి వరం. ఓ రాత్రి తండ్రీకొడుకులు అక్కడ బస చేస్తే, దూలం మీద నుంచి దుమ్ము చల్లి తండ్రికి తుమ్ము తెప్పించాడు. కొడుకు సంగతి పసిగట్టి నూట ఇరవై ఏళ్ళు బతకమని తండ్రిని దీవించాడు. తండ్రీ తిరిగి దీవించాడు. యక్షుడికి ఆ పూట పస్తే. తరవాత అతడు బుద్ధి తెచ్చుకుంటే, రాజు శిస్తు వసూలు పనిలో పెట్టుకున్నాడట!

సైన్యాన్ని నిలబెట్టిన తుమ్ము

గ్రీకులకు తుమ్ము దేవుడు పంపే కబురు. హోమర్ ‘ఒడిస్సీ’లో కొడుకు టెలిమాకస్ ఇల్లు అదిరిపోయేలా తుమ్మితే తల్లి పెనలోపి నవ్వేస్తుంది. తన మాట నిజమవుతుందనడానికి అదే గుర్తని మురిసిపోతుంది. క్రీ.పూ. 401లో పదివేల మంది గ్రీకు కిరాయి సైనికులు పర్షియా సామ్రాజ్యం నడిబొడ్డున చిక్కుకుపోయారు. సేనానులను శత్రువు మోసంతో పట్టి చంపేశాడు. దిక్కుతోచని ఆ దండును కూడగట్టి, మనం బయటపడతామన్న ఆశ ఉందని వాళ్ళలో ఒకడైన జెనొఫోన్ చెబుతుండగా ఎవరో తుమ్మారు. సైనికులంతా ఒక్కుమ్మడిగా దేవుడికి మొక్కారు. జెనొఫోన్ ఆ క్షణాన్ని జారిపోనివ్వలేదు. ఇది రక్షకుడైన జ్యూస్ పంపిన శకునమని, స్నేహితుల గడ్డకు చేరగానే ఆయనకు బలులు ఇద్దామని అందరి చేతా ఒప్పించాడు.

తుమ్మును పవిత్రంగా చూసి దగ్గును అలా చూడరెందుకన్న ప్రశ్న అరిస్టాటిల్ పేరిట ఉన్న గ్రంథంలో కనిపిస్తుంది. శరీరంలో దైవత్వం నిండిన భాగం తల, తుమ్ము అక్కణ్ణుంచి వస్తుంది కనక అని జవాబు. మన ఆయుర్వేదం మాత్రం దీన్ని ఒంటి సంగతిగానే చూసింది. బలవంతాన ఆపకూడని పదమూడు వేగాల్లో చరకసంహిత తుమ్మునూ చేర్చింది. ఆపితే మెడ పట్టేయడం, తలనొప్పి వంటివి వస్తాయంది.

రోమన్లు తుమ్మినవాళ్ళకు క్షేమం కోరేవాళ్ళు. ఇలా ఎందుకు చేస్తామని మొదటి శతాబ్దంలోనే ప్లినీ తన ‘ప్రకృతి చరిత్ర’లో అడిగాడు. ఎప్పుడూ ముఖం ముడుచుకుని ఉండే టైబీరియస్ చక్రవర్తి సైతం బండిలో వెళ్తున్నప్పుడు కూడా ఈ మర్యాద జరగాలని పట్టుబట్టేవాడని రాశాడు. పాటించేవాళ్ళకే కారణం తెలియనంత పాత ఆచారమన్నమాట.

పోప్ కథలో పస ఎంత?

‘గాడ్ బ్లెస్ యూ’ పుట్టుక గురించి ప్రచారంలో ఉన్న కథ ఒకటుంది. 590లో రోమ్‌ను ప్లేగు చుట్టుముట్టింది. పోప్ రెండో పెలాజియస్ ఆ జబ్బుతోనే పోయాడు. తరవాత వచ్చిన గ్రెగరీ, తుమ్మినవాళ్ళ కోసం ప్రార్థించమని ఆజ్ఞ వేశాడని, అప్పటినుంచే ఈ మాట మొదలైందని అంటారు. మహమ్మారి నిజమే. ఆచారం మాత్రం అప్పుడు పుట్టింది కాదు. గ్రెగరీకి అయిదు వందల ఏళ్ళ ముందే ప్లినీ దాని గురించి రాశాడు. పైగా ఆ ప్లేగుకు గుర్తు గజ్జల్లో లేచే గడ్డ, తుమ్ము కాదు. జనంలో పాతుకుపోయిన అపోహలను ఏరి 1646లో పుస్తకం వేసిన ఇంగ్లిష్ వైద్యుడు థామస్ బ్రౌన్, ఆచారం అంతకన్నా ఎంతో పాతదని ఆనాడే తేల్చాడు.

అప్పటికే ఉన్న మర్యాదకు మతం తన రంగు అద్దింది. 1530లో పిల్లల నడవడి మీద ఎరాస్మస్ రాసిన పుస్తకంలో తుమ్మేవాడు ముఖం పక్కకు తిప్పుకోవాలని, తరవాత శిలువ గుర్తు వేసుకోవాలని, దీవించినవాళ్ళకు టోపీ ఎత్తి కృతజ్ఞత చెప్పాలని ఉంది. 1671లో ఫ్రాన్స్‌లో ఆంత్వాన్ ద కుర్తాఁ తన మర్యాదల పుస్తకంలో ఇంకో మెట్టు ఎక్కాడు. దొరగారు తుమ్మితే ‘దేవుడు మిమ్మల్ని దీవించుగాక’ అని గట్టిగా అరవకూడదట. టోపీ తీసి, హుందాగా వంగి, ఆ మాట మనసులోనే అనుకోవాలట.

మామూలు జనం నోళ్ళలో దేవుడి ప్రసక్తి లేని మాటలూ అంతటా బతికే ఉన్నాయి. జర్మన్లు ‘గెజుంట్‌హైట్’ అంటారు. ఆరోగ్యం అని అర్థం. వలసవెళ్ళిన జర్మన్లు, యూదుల వెంట ఆ మాట అమెరికాలోనూ స్థిరపడింది. స్పానిష్ మాట్లాడేవాళ్ళలో కొందరు మొదటి తుమ్ముకు ఆరోగ్యం కోరుకుంటే, వరసగా తర్వాతి తుమ్ములకు డబ్బు, ప్రేమ కోరుకుంటారు. రష్యన్లు ఆరోగ్యంగా ఉండమంటారు. టర్కీలో ‘చాలాకాలం బతుకు’ అంటే తుమ్మినవాళ్ళు ‘నువ్వూ ఉండి చూడు’ అని బదులిస్తారు. గగ్గ జాతకంలోని తండ్రీకొడుకుల సంభాషణ కూడా అచ్చం ఇలాంటిదే.

జపాన్‌లో ఈ రోజుల్లో ఎవరైనా తుమ్మితే పక్కవాళ్ళు ఏమీ అనరు. అలా అనకపోవడాన్ని ఎవరూ అమర్యాద అనుకోరు. పద్నాలుగో శతాబ్దంలో కెన్‌కో అనే సన్యాసి రాసిన వ్యాసాల్లో మాత్రం ఒక ముసలి సన్యాసిని కనిపిస్తుంది. దారి పొడుగునా ఒకటే మంత్రం గొణుక్కుంటూ వెళ్తుంటుంది. ఎందుకని అడిగితే, తను పాలిచ్చి పెంచిన కుర్రాడు దూరాన కొండమీది మఠంలో ఉన్నాడని, అతడు తుమ్మినప్పుడు ఎవరూ ఈ మాట అనకపోతే చచ్చిపోతాడేమోనని భయమని విసుక్కుంటూ చెబుతుంది.

గడప లోపల, గడప దగ్గర

తెలుగు ఇళ్ళలో తుమ్ముకు రెండు ముఖాలు. పసివాడు తుమ్మితే నాయనమ్మ ‘చిరంజీవ’ అంటుంది. ఇంకోటి తుమ్మితే ‘నిండు నూరేళ్ళు’ అంటుంది. కొడుకు పనిమీద గడప దాటబోతుంటే ఆ పసివాడే తుమ్మాడనుకోండి. ‘కాసేపు కూర్చుని, మంచినీళ్ళు తాగి వెళ్ళరా’ అంటుంది. ఒంటి తుమ్మయితే చేటు, జంట తుమ్ములయితే మేలు అన్న లెక్కలు సరేసరి. ముక్కులో నలక పడితే వచ్చే తుమ్ముకు ప్రయాణాన్ని ఆపే శక్తి ఎక్కణ్ణుంచి వచ్చిందన్నదే హేతువాదులు అడిగేది. దీవెన మీద వాళ్ళకు పేచీ ఉండక్కర్లేదు. చిరంజీవ అన్నా, నూరేళ్ళు అన్నా అందులో ఏ దేవుడి పేరూ లేదు.

చిక్కు మరోచోట ఉంది. చిరంజీవ అనేది పెద్దవాళ్ళు చిన్నవాళ్ళతో అనే మాట. మామగారు తుమ్మితే అల్లుడు చిరంజీవ అనలేడు. మేనేజరు తుమ్మితే గుమాస్తా అనలేడు. ఆఫీసుల్లో ‘బ్లెస్ యూ’ అంత తేలిగ్గా చొరబడింది ఈ ఖాళీలోంచే. ఆ మాటకు చిన్నా పెద్దా తేడా లేదు. దేవుడి పేరు కూడా పైకి వినిపించదు. అది అనడం ఇష్టం లేనివాళ్ళకు తెలుగులో మాటలు కరవేం కాదు. ‘ఒంట్లో బాగుందా అండీ?’, ‘మంచినీళ్ళు తెమ్మంటారా?’ చాలు. వరసగా తుమ్ముతుంటే ప్రతిసారీ పలకరించి ఇబ్బంది పెట్టకుండా ఊరుకోవడమూ మర్యాదే.

కోవిడ్ ఈ మర్యాదలో తుమ్మేవాళ్ళ వంతును పెంచింది. తుమ్ము తుంపర్ల మేఘం ఏడెనిమిది మీటర్ల దూరం వెళ్ళగలదని అమెరికాలోని ఎంఐటీ పరిశోధకురాలు లిడియా బురూయిబా 2020లో రాశారు. మోచేతి మడతలోకి తుమ్మడం, చేతులు కడుక్కోవడం ఆస్తికులకూ నాస్తికులకూ ఒకటే ధర్మం.

ఎదుటివాళ్ళు తమ నమ్మకం కొద్దీ అల్లానో ఏసునో రామచంద్రుణ్ణో తలచుకుని మన క్షేమం కోరితే దేవుడు ఉన్నాడా లేడా అని అక్కడే వాదనకు దిగనక్కర్లేదు. ‘థాంక్సండీ, మీరూ చల్లగా ఉండాలి’ అంటే మన అవిశ్వాసానికి వచ్చే లోటేమీ లేదు. తుమ్ము వినగానే ప్రయాణం ఆపుకోవడం మూఢత్వం, తుమ్మినవాళ్ళను పలకరించడం మానవత్వం. మొదటిది మానేద్దాం, రెండోది మన పిల్లలకూ నేర్పుదాం.