లేఖన ప్రామాణ్యం

క్రైస్తవ విశ్వాసానికి తుది కొలబద్ద బైబిలే, పోపులైనా మహాసభలైనా ఆచారాలైనా దానికి లోబడాల్సిందేననే ప్రొటెస్టెంట్ సిద్ధాంతం. లాటిన్‌లో ‘సోలా స్క్రిప్టూరా’. 1519లో లైప్‌జిగ్ వాదంలో కాథలిక్ పండితుడు యోహాన్ ఎక్ నిలదీసినప్పుడు, మహాసభలూ పొరబడగలవని సంస్కర్త మార్టిన్ లూథర్ తెగేసి చెప్పాడు. సంస్కర్తలకు బలమైన ఆధారం మార్కు సువార్త 7వ అధ్యాయం: ‘కొర్బాను’ (దేవునికి అర్పితం) అంటూ తల్లిదండ్రుల పోషణ ఎగ్గొట్టే ఆచారాన్ని దేవుని ఆజ్ఞకు విరుద్ధమని యేసు అక్కడ ఖండిస్తాడు. అయితే సంప్రదాయాన్నంతా తోసిపుచ్చడం ఈ సిద్ధాంతం ఉద్దేశం కాదు; లూథరన్లు నైసియా విశ్వాస ప్రమాణాన్ని నేటికీ పఠిస్తారు. అసలు చిక్కు వ్యాఖ్యానంలో ఉంది. జ్యూరిక్‌లో సంస్కర్త జ్వింగ్లీ శిశు బాప్తిస్మాన్ని సమర్థించగా, ఆయన అనుచరుల్లోనే కొందరు అదే బైబిలు చూపి, 1525లో ఎదిగినవారికి మళ్లీ బాప్తిస్మమిచ్చారు. మరోవైపు, లేఖనాన్నీ, అపొస్తలుల నుంచి వచ్చిన అలిఖిత సంప్రదాయాన్నీ సమాన భక్తితో స్వీకరించాలని కాథలిక్కుల ట్రెంట్ మహాసభ 1546లో తీర్మానించింది.