ఉన్నతశిఖరముల యాపద

గౌతమీ వసిష్ఠల నడుమ, సముద్రమట్టమునకుఁ గొలఁది యడుగుల యెత్తున నివసించు మన కోనసీమవారికిఁ బర్వతారోహణము పరుల వ్యసనముగాఁ దోఁచుట సహజము. కాని తెలుగుబిడ్డలును హిమశిఖరముల నెక్కియున్నారు. వారిలో నొకఁడు కొండలనుండి ప్రాణముతో మరలి రాలేదు. కావున నచ్చటి యాపద యెట్టిదో గృహస్థులు తెలిసికొనుట యావశ్యకము.

చలి, పెనుగాలి, మంచుచరియలు కంటికిఁ గనఁబడు శత్రువులు. వానికన్న మోసకరమైనది పలుచని గాలి. 8,849 మీటర్ల యెవరెస్టు శిఖరమున వాయుపీడనము మన యూరి పీడనములో మూఁడవవంతు మాత్రమే. అచ్చట నీరు సుమారు 70 డిగ్రీలకే మరుగును. ఎంతసేపు మరిగినను బియ్యము సరిగా నుడుకదు. శ్వాసతో దేహమునకుఁ జేరు ప్రాణవాయువును ఆ మేరకే తగ్గును. నెమ్మదిగా నెక్కినచో దేహ మా గాలికిఁ గొంత యలవడును. తొందరపడినచో నూపిరితిత్తులలోనో మెదడులోనో నీరుచేరి ప్రాణము తీయవచ్చును.

ఈ కొఱఁత ముందుగా హరించునది వివేకము. 1875 ఏప్రిలు 15వ తేదీని ఫ్రాన్సు దేశస్థులు మువ్వురు ‘జెనిత్’ అను బెలూనులో 8,000 మీటర్లకు మించి యెగసిరి. ప్రాణవాయువు వారి చెంతనే యుండెను. దానిని పీల్వవలయునని తోఁచునప్పటికిఁ జేతులు కదలలేదు. క్రోసే-స్పినెల్లి, సివెల్ అనువారు మరణించిరి. బ్రదికిన తిస్సాందియే తనకు బాధ కలుగలేదనియు, లోలోన నేదో సంతోషము పొంగెననియుఁ దెలిపెను. ఆపద సంతోషరూపమున వచ్చుచోట మనుజుఁడు తన బుద్ధిని నమ్మరాదు. ఎన్నిగంటలకు వెనుదిరుగవలయునో క్రిందనే నిర్ణయించుకొని, తోడివారి మాటకు లోఁబడవలయును.

నెల్లూరు జిల్లా గాంధీ జనసంగమునఁ బుట్టిన మల్లి మస్తాన్ బాబు 2006లో ఏడు ఖండముల యత్యున్నతశిఖరములను 172 దినములలో నెక్కిన ధీరుఁడు. అట్టి యనుభవశాలియు 2015 మార్చి 24వ తేదీని ఆండీసు పర్వతములలో నొంటిగా సాగి, దుర్వాతావరణమునఁ జిక్కి మరణించెను. అతని దేహము ఏప్రిలు మొదటివారమున లభించెను. అనుభవము తుపానును ఆపఁజాలదు. ఒంటరివానికిఁ జేయూత యుండదు.

అంతకు ముందటి యేఁడు, 2014 మే 25వ తేదీని, నిజామాబాదు జిల్లా పాకాల గ్రామపు బాలిక మాలావత్ పూర్ణ పదునాలుగేండ్లు నిండకయే యెవరెస్టు నెక్కి క్షేమముగా దిగివచ్చెను. ఆమె ముందుగా భువనగిరి బండపైనను, డార్జిలింగులోను శిక్షణ పొందెను. ఖమ్మము జిల్లా బాలుఁడు ఆనంద్ కుమారును, షేర్పాలును ఆమెకుఁ దోడుండిరి. ఆ షేర్పాల మాట మనము మఱవరాదు. అదే వసంతమున, ఏప్రిలు 18వ తేదీని, ఎవరెస్టు నేపాళపువైపున మంచుచరియ విఱిగిపడి, ఆరోహకులకై త్రోవ సిద్ధపఱచుచు బరువులు మోయుచున్న నేపాళీయులు 16 మంది మడిసిరి. శిఖరమెక్కినవారి పేరు పత్రికల కెక్కును; వీరి పేరు వారి యిండ్లలోనే నిలుచును.

బిడ్డ సాహసము కోరినప్పుడు, ఆఁడుపిల్ల యైనచో మఱింతగా, వలదనుట మనకు సులభము. నీకు నేర్పినవా రెవరు? తోడు వచ్చువా రెవరు? వారి ప్రాణములకుఁ బూచీ యెవరు? ఏ గడియకు వెనుదిరిగెదవు? అని యడిగి, సరియైన యుత్తరము వచ్చినచోఁ బంపుటయే కష్టము. తలిదండ్రులు చేయవలసిన దా కష్టమైన పనియే.